కుడి వైపు నుంచి చెరిపితే

చియాతురాలో కరెంటు పోయిన మూడో చలికాలం.
లోయ మీద, తీగలకు వేలాడుతూ
ఆగిపోయిన ఇనుప పెట్టెలు.
కింద క్విరిలా నది, మాంగనీసు కడిగి కడిగి
ఇంకా నల్లగానే.

గని ఆఫీసులో తూకం లెక్కలు రాసే మక్వాలాకు
తూచడానికేమీ లేదు.
పాత పద్దు పుస్తకం అట్ట వెనక
ఒక సంఖ్య రాసుకుని దాని ఎదురుగా కూర్చుంది:

73939133

మనమైతే ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షలని
దీర్ఘం తీస్తాం.
ఆమె భాష ఇరవైల మీద నడుస్తుంది:
మూడు ఇరవైల పదమూడు మిలియన్లు, ఆపైన తక్కినవి.
ఏ నోట్లో ఎన్ని ముక్కలైనా
లోపల అది ముక్కలు కాదు.

"విరిచి చూడు," అంది మనవడితో.
బాచానాకు పదేళ్లు. మేజోళ్లు తొడిగిన చేతిలో బొగ్గు ముక్క.
రెండు, అయిదు, వాటి సంగతి చూడగానే తెలిసింది.
అంకెలన్నీ కూడితే ముప్పై ఎనిమిది,
మూడు వెనక్కి తగ్గింది.
ఏడుతో భాగిస్తే రెండు మిగిలింది.
పదమూడుతో ఎనిమిది.
పదిహేడుతో పదమూడు.
వాడు విసుగెత్తి మొక్కజొన్న రొట్టె కోసం లేచాడు.

ఆమె లేవలేదు.
ఎనిమిది వేల అయిదు వందల తొంభై ఎనిమిది దాకా వెతికితే చాలు,
ఆ అవతలకి పోనక్కర్లేదు.
ఆ లోపు ప్రధాన సంఖ్యలు వెయ్యి పైచిలుకు.
కిరసనాయిలు ఉన్నంతసేపు, రాత్రికి పదో పన్నెండో.
ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది.
శేషం లేని రాత్రి ఒక్కటీ రాలేదు.

మార్చిలో, చూరు నుంచి మంచు కారుతున్న పూట
వాణ్ణి పిలిచి
చివరి మూడు మీద బొటనవేలు పెట్టింది.
"ఇదీ విరగదు."
వేలు ఎడమకు జరిపింది. జరిపింది.

7393913
739391
73939
7393
739
73
7

"మరి ఇంకో అంకె తగిలిస్తే?" వాడికి దురాశ.
ఒకటి తగిలించినా, ఏడు తగిలించినా
మూడు వచ్చి పంచుకుంటుంది.
మూడో తొమ్మిదో అయితే
విరగడానికి ఇంకాస్త సమయం పడుతుంది, అంతే.
ఇది ఇక పెరగదు. దీనికి తరగడమే వచ్చు.

"ఎడమ నుంచి చెరిపితే?"
నూట ముప్పై మూడు దగ్గర
ఏడూ పంతొమ్మిదీ కాచుక్కూర్చుంటాయి.
"మొదలు పోకూడదు," అంది.

"మన ఊరిలాగా," అన్నాడు వాడు
కిటికీలోంచి ఆగిన పెట్టెల్ని చూస్తూ.
"సంఖ్యకు మనుషుల్ని వేలాడదీయకు!"
కసిరి, పొయ్యిలో కట్టె తోసింది.

ఇదంతా బాచానా నాకు చెప్పింది
కొత్త తీగ మీద, కొత్త పెట్టెలో, నది దాటుతూ.

ఆమె మరుపు కూడా కుడి వైపు నుంచే మొదలైందట.
ముందు వాడి పెళ్లి చెరిగిపోయింది.
తర్వాత కరెంటు లేని ఏళ్లు.
తర్వాత ఎర్మిలే చావు. కొన్నాళ్లు
భర్తకని రోజూ రెండో గిన్నె పెట్టింది.
తర్వాత ఎర్మిలే.
తూకం, తూకపు రాళ్లు, బడి.
కసరడం మాత్రం తగ్గలేదు.
ఆ కసురు గుర్తుండి వాడు ఏ పోలికా చెప్పలేదు,
నేనూ చెప్పను.

చివరి వారం ఏమడిగినా ఒకటే మాట:
ష్విది.
ఏడు.

"మా భాషలో ఆ మాట
ఏడవమని కూడా అంటుంది," అన్నాను.
వాడు కాసేపు లోయలోకి చూశాడు.
"మేం శాంతిని మ్ష్విదోబా అంటాం.
చెవి పెట్టి విను."

పెట్టె అవతలి గట్టుకు తగిలి
కొంచెం ఊగి
ఆగింది.